కొలబద్ద ఎవరి చేతిలో?

2021వ సంవత్సరం జూలై నెలలో ఐరోపా ఖండంలో, రెండు వేర్వేరు చోట్ల, స్త్రీల క్రీడాదుస్తులకు సంబంధించిన రెండు సంఘటనలు జరిగాయి. బల్గేరియా దేశంలోని వర్నా నగరంలో ఐరోపా బీచ్ హ్యాండ్‌బాల్ పోటీలు జరుగుతున్నాయి. ఇసుక మైదానంలో ఆడే ఈ ఆటలో స్త్రీలు బికినీ తరహా లాగులే ధరించాలనీ, వాటి పక్కభాగం వెడల్పు 10 సెంటీమీటర్లకు మించరాదనీ నాటి నియమావళి శాసించేది. అదే ఆట ఆడే పురుషులు మాత్రం తొడలను కప్పే మామూలు నిక్కర్లు ధరించవచ్చు. నార్వే దేశపు మహిళాజట్టు ఈ నియమాన్ని కాదని, కాంస్య పతకం కోసం స్పెయిన్‌తో జరిగిన పోటీలో పొట్టి నిక్కర్లు ధరించి మైదానంలోకి దిగింది. నిర్వాహకులు ఆ జట్టుకు 1500 యూరోల జరిమానా విధించారు. ఒంటి మీద వస్త్రం ఎక్కువ కావడమే వారు చేసిన నేరం!

అదే నెలలో ఇంగ్లండులో జరిగిన అథ్లెటిక్ పోటీలలో వేల్స్ ప్రాంతానికి చెందిన పారా క్రీడాకారిణి ఒలీవియా బ్రీన్ లాంగ్‌జంప్‌లో పాల్గొన్నది. ఆమె పోటీ ముగించుకొని వస్తూ ఉండగా ఒక అధికారి ఎదురై, ఆమె ధరించిన లాగు మరీ చిన్నదిగా, అనుచితంగా ఉన్నదని మందలించారు. ఎన్నో ఏళ్లుగా తాను పోటీలలో అటువంటి దుస్తులనే ధరిస్తున్నాననీ, పురుష క్రీడాకారుడిని ఎవరైనా ఈ విధంగా ప్రశ్నిస్తారా అనీ ఆమె ఆవేదన చెందింది. ఒంటి మీద వస్త్రం తక్కువ కావడమే ఆమె చేసిన నేరం!

ఒకరికి ఎక్కువైనందుకు జరిమానా. మరొకరికి తక్కువైనందుకు మందలింపు. పైకి చూస్తే ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. కొంచెం లోతుగా ఆలోచిస్తే ఈ రెండింటి మూలం ఒక్కటేనని బోధపడుతుంది. రెండు చోట్లా కొలబద్ద క్రీడాకారిణి చేతిలో లేదు. క్రీడారంగంలో స్త్రీల దుస్తుల గురించి చర్చ జరిగిన ప్రతిసారీ మనం 'ఎంత గుడ్డ ఉండాలి?' అని వాదించుకుంటున్నాం. 'ఆ కొలతను నిర్ణయించవలసినవారు ఎవరు?' అన్న ప్రశ్న మాత్రం మరుగున పడిపోతున్నది. ఈ వ్యాసం ఆ రెండవ ప్రశ్నను గురించినది.

ఈ చర్చ ఇటీవల మళ్లీ రాజుకున్నది 2024 ఏప్రిల్‌లో. ఆ సంవత్సరం పారిస్‌లో జరగనున్న ఒలింపిక్ క్రీడల కోసం అమెరికా పరుగుపందెగాళ్లకు నైకీ సంస్థ రూపొందించిన దుస్తులను బొమ్మలకు తొడిగి ప్రదర్శించారు. పురుషుని బొమ్మకు బనియను, తొడల సగం వరకు వచ్చే నిక్కరు ఉన్నాయి. స్త్రీ బొమ్మకు తొడిగిన దుస్తులు నడుము పక్కన చాలా ఎత్తు వరకు కత్తిరించి ఉన్నాయి. ఆ చిత్రం లోకమంతటా వ్యాపించింది. 5000 మీటర్ల పరుగులో అమెరికా జాతీయ విజేతగా నిలిచిన లారెన్ ఫ్లెష్‌మన్ దీనిని తీవ్రంగా విమర్శించింది. పరుగెత్తేటప్పుడు క్రీడాకారిణి మనస్సు పరుగు మీదనే ఉండాలి గాని, దుస్తులు ఎక్కడ తొలగిపోతాయోనన్న జాగ్రత్తతో సతమతం కాకూడదని ఆమె వాదన. నిజంగా ఆ దుస్తులు పరుగుకు మేలు చేసేవే అయితే పురుషులు కూడా వాటినే ధరించేవారు కదా అని కూడా ఆమె ప్రశ్నించింది.

ఆమె వాదనను అందరూ ఆమోదించలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో పోల్‌వాల్ట్ స్వర్ణ పతకం సాధించిన కేటీ మూన్ మరొక కోణాన్ని ముందుకు తెచ్చింది. ఆ బొమ్మ మీద ఉన్న దుస్తులు తనకూ ఆందోళన కలిగించాయని ఆమె ఒప్పుకున్నది. అయితే తమకు అనేక రకాల దుస్తులలో నచ్చినవి ఎంచుకొనే వీలున్నదనీ, తాను పొట్టి లాగునే ఇష్టపడి ధరిస్తాననీ, అటువంటి ఎంపికను తప్పుపట్టడం తమను కించపరచడమేననీ ఆమె చెప్పింది. నిక్కర్లతో సహా అనేక రకాలు అందుబాటులో ఉంచామని సంస్థ కూడా వివరణ ఇచ్చింది. ఈ ఇద్దరు క్రీడాకారిణులలో ఎవరిని తప్పుపట్టగలం? ఒకరు సౌకర్యాన్ని కోరుతున్నారు. మరొకరు స్వేచ్ఛను కోరుతున్నారు. రెండూ న్యాయమైన కోరికలే. అందువల్ల ఈ సమస్యను పరిశీలించేటప్పుడు మనకు ఆవేశం కంటే వివేచన ఎక్కువ అవసరం.

చరిత్రను పరిశీలిస్తే వస్త్రానికీ మర్యాదకూ గల సంబంధం దేశకాలాలను బట్టి మారుతూ వచ్చిందని తెలుస్తుంది. ప్రాచీన గ్రీసు దేశపు ఒలింపిక్ క్రీడలలో పురుషులు దిగంబరులుగానే పరుగెత్తేవారు. ఆనాటి సమాజానికి అది తప్పుగా తోచలేదు. అదే ఒలింపియాలో హేరా దేవత పేరిట కన్యలకు ప్రత్యేకంగా పరుగుపందేలు జరిగేవని క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన యాత్రికుడు పౌసానియస్ వ్రాశాడు. ఆ కన్యలు జుట్టు విరబోసుకొని, మోకాళ్లకు కొంచెం పైకి వచ్చే అంగీ తొడుక్కొని, కుడి భుజం మీద వస్త్రం లేకుండా పరుగెత్తేవారట. వారి కోసం పరుగుబాటను ఆరోవంతు తగ్గించారని కూడా అతడు పేర్కొన్నాడు. అంటే రెండువేల సంవత్సరాల క్రితమే స్త్రీ ఎంత దూరం పరుగెత్తాలో, ఏమి తొడుక్కొని పరుగెత్తాలో లెక్కలు వేసి పెట్టారన్నమాట.

ఆధునిక కాలంలోనూ ఈ లెక్కలు ఆగలేదు. 1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో స్త్రీలకు చోటే లేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటిసారిగా స్త్రీలకు అథ్లెటిక్స్‌లో ప్రవేశం లభించింది. అయితే 800 మీటర్ల పరుగు ముగిసిన తరువాత కొందరు అలసటతో కూలబడటాన్ని పత్రికలు గోరంతలు కొండంతలు చేశాయి. పరుగు ముగించిన పురుషులు కూలబడటం ఎవరికీ వింత కాదు. స్త్రీలు కూలబడటం మాత్రం వార్త అయింది. ఫలితంగా ఆ పరుగును స్త్రీలకు నిషేధించారు. 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా, అంటే 32 సంవత్సరాల పాటు, ఆ నిషేధం కొనసాగింది. 'ఆమె మేలు కోరి' అన్నదే ఆనాడు చెప్పిన కారణం. ఇతరుల మేలును మనమే నిర్ణయించి, వారి అభిప్రాయం అడగకపోవడం ఎంత పాతదో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

మన సాహిత్యంలో ఈ విషయానికి దారి చూపే ఘట్టాలు లేకపోలేదు. పోతన భాగవతం దశమస్కంధంలో నరకాసురుని మీదికి యుద్ధానికి లేచిన సత్యభామను స్మరించండి. ఆమె జడను ముడిచి, పోకముడి బిగించి, పైటను చక్కగా దోపుకొని, వీరావేశంతో భర్త ముందు నిలబడింది. ఎంతో సుకుమారి, అలంకారప్రియ అయిన ఆ స్త్రీ, యుద్ధమనే పనికి తగినట్లుగా తన వస్త్రాన్ని తానే సవరించుకొన్నది. పైట ఎలా దోపుకోవాలో శ్రీకృష్ణుడు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. చేయబోయే పని ఏమిటో ఆమెకు తెలుసు. ఆ పనికి ఏది అడ్డమో కూడా ఆమెకే తెలుసు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఘట్టం మహాభారతం సభాపర్వంలోని ద్రౌపదీ వస్త్రాపహరణం. ఆ సభలో జరిగిన ఘోరాన్ని కేవలం వస్త్రం ఎక్కువ తక్కువల సమస్యగా చూడటం పొరపాటు. ఆమె ఇష్టానికి విరుద్ధంగా మరొకరి చెయ్యి ఆమె వస్త్రం మీద పడటమే అక్కడి అధర్మం. పెద్దలందరూ చూస్తూ మౌనంగా ఉండిపోవడం అంతకు మించిన అధర్మం. ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే వస్త్రానికి సంబంధించిన ధర్మసూక్ష్మం తేటతెల్లమవుతుంది. క్రీడాదుస్తుల విషయంలో వినిపించే వాదాలను ఈ దృష్టితో ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది వేగానికి సంబంధించిన వాదం. వస్త్రం తగ్గిన కొద్దీ వేగం పెరుగుతుందని కొందరు అంటారు. వదులుగా ఉండి గాలికి కొట్టుకొనే దుస్తులు వేగాన్ని తగ్గిస్తాయన్నది నిజమే. ఎండలో చాలా దూరం పరుగెత్తేవారికి చెమట ఆరే వీలు ఉండాలన్నదీ నిజమే. అంతమాత్రం చేత తక్కువ గుడ్డే ఎక్కువ వేగమని చెప్పడానికి వీలులేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా క్రీడాకారిణి క్యాథీ ఫ్రీమన్ తల నుండి పాదాల దాకా కప్పే బిగుతైన దుస్తులు ధరించి 400 మీటర్ల పరుగును 49.11 సెకన్లలో ముగించి స్వర్ణం గెలుచుకున్నది. ఆ దుస్తులను తయారు చేసింది నైకీ సంస్థే. 2025 జూన్‌లో కెన్యా క్రీడాకారిణి ఫెయిత్ కిప్యేగాన్ ఒక మైలు దూరాన్ని నాలుగు నిమిషాలలోపు ముగించాలని పారిస్‌లో ప్రత్యేక ప్రయత్నం చేసినప్పుడు, గాలి ఒత్తిడిని తగ్గించడానికి అదే సంస్థ ఆమెకు ఒంటిని చాలామేరకు కప్పే బిగుతైన దుస్తులనే కుట్టి ఇచ్చింది. లక్ష్యం నెరవేరకపోయినా ఆమె అంతకు ముందు తన పేరిట ఉన్న ప్రపంచ రికార్డు కంటే తక్కువ సమయంలోనే ఆ పరుగు ముగించింది. కాబట్టి వేగం పేరు చెప్పి ఒక్క స్త్రీలకు మాత్రమే వస్త్రాన్ని కుదించడం శాస్త్రసమ్మతం కాదు.

రెండవది వ్యాపారానికి సంబంధించిన వాదం. ఆకర్షణీయంగా కనిపిస్తేనే ప్రేక్షకులు వస్తారనీ, ప్రేక్షకులు వస్తేనే ధనం వస్తుందనీ ఈ వాదులు చెబుతారు. 2004లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యకు అధ్యక్షుడుగా ఉన్న సెప్ బ్లాటర్, మహిళల ఫుట్‌బాల్‌కు ఆదరణ పెరగాలంటే వారు మరింత బిగుతైన నిక్కర్లు ధరించాలని సలహా ఇచ్చి విమర్శల పాలయ్యాడు. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య, పెద్ద పోటీలలో స్త్రీలు తప్పనిసరిగా స్కర్టు ధరించాలన్న నియమం తెచ్చింది. ఆటను ఆకర్షణీయంగా చూపించడమే దాని ఉద్దేశం. సైనా నెహ్వాల్, గుత్తా జ్వాల వంటి హైదరాబాదు క్రీడాకారిణులు అంతర్జాతీయ వేదిక మీద రాణిస్తున్న రోజులవి. ప్రపంచమంతటా నిరసన వెల్లువెత్తడంతో నియమం అమలు వాయిదా పడింది. 2012లో సమాఖ్య దానిని పూర్తిగా విరమించుకున్నది. స్కర్టు లేని కారణంగా మన క్రీడాకారిణుల ఆటకు ప్రేక్షకులు తగ్గలేదని వేరే చెప్పనక్కరలేదు.

ఈ సందర్భంలో దుస్తులతో పాటు వాటిని చూపే కెమెరా గురించి కూడా చెప్పుకోవాలి. క్రీడాకారిణి ఎటువంటి దుస్తులు ధరించినా, కెమెరా పరుగును చూపుతున్నదా, శరీరాన్ని చూపుతున్నదా అన్నది ముఖ్యం. పారిస్ ఒలింపిక్స్ సందర్భంగా ప్రసార నిర్వాహకులు, స్త్రీ పురుషులను ఒకే విధంగా చిత్రీకరించాలని తమ కెమెరామన్లకు మార్గదర్శకాలు ఇచ్చారు. ఇది హర్షించదగిన పరిణామం. చూసేవారి దృష్టిలోని దోషాన్ని సరిదిద్దకుండా, ఆ భారాన్నంతా పరుగెత్తే పిల్ల మీద మోపడం న్యాయం కాదు.

మూడవది మర్యాదకు సంబంధించిన వాదం. మన దేశంలో ఎక్కువగా వినిపించేది ఇదే. 2005లో హైదరాబాదు టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా ఆ నగరంలోనే జరిగిన పోటీలో గెలిచి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా కీర్తి పొందింది. అదే సంవత్సరం అమెరికన్ ఓపెన్‌లో నాలుగవ రౌండు దాకా చేరుకున్నది. అయితే ఆ రోజులలో ఆమె ఆటతో సమానంగా ఆమె స్కర్టు గురించీ చర్చ జరిగింది. ఒక మతపెద్ద ఆమె దుస్తులపై అభ్యంతరం ప్రకటించడంతో, ఆమెకు పోలీసుల రక్షణ పెంచవలసి వచ్చింది. పద్దెనిమిది సంవత్సరాల అమ్మాయి ప్రపంచస్థాయి క్రీడాకారిణులతో తలపడుతూ, మరొక వైపు తన దుస్తులకు సమాధానం చెప్పుకోవలసి రావడం ఎంత బాధాకరమో ఊహించుకోవచ్చు.

అయితే మర్యాద పేరిట జరిగే అన్యాయం గురించి చెప్పడానికి నేను అంత దూరం వెళ్లనక్కరలేదు. ఇటువంటి పొరపాటు నేనూ చేశాను. దానిని దాచుకోవడం కంటే మీ ముందు చెప్పడమే మంచిదని భావిస్తున్నాను.

పాతికేళ్ల కిందటి మాట. నేను కొత్తగా అధ్యాపక వృత్తిలో చేరిన రోజులు. మా కళాశాలలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి కళాశాల క్రీడోత్సవాలలో పంజాబీ డ్రెస్సుతోనే, చున్నీని నడుముకు బిగించి కట్టుకొని 400 మీటర్ల పందెంలో మొదటి స్థానం సంపాదించింది. రెండవ స్థానంలో వచ్చిన అమ్మాయి ఆమెకు చాలా దూరంలో ఉండిపోయింది. ఆమెను జిల్లాస్థాయి పోటీలకు ఎంపిక చేశారు. అక్కడికి నిక్కరు, బనియనుతో రావాలని ఎవరో చెప్పారు. మరునాడు ఆమె తండ్రి నా దగ్గరకు వచ్చాడు. పొలం పనులు చేసుకొనే మనిషి. చేతులు కట్టుకొని నిలబడి, "మాష్టారూ! తమరు పెద్ద చదువు చదివినవారు, పురాణాలు తెలిసినవారు. ఆడపిల్ల నలుగురిలో నిక్కరు తొడుక్కొని పరుగెత్తడం తమకు సమ్మతమేనా?" అని అడిగాడు.

నేను ఎక్కువసేపు ఆలోచించలేదు. "పరుగుదేముంది? చదువు మీద దృష్టి పెట్టమని చెప్పండి" అన్నాను. ఆయన ఎంతో ఊరట చెంది, నమస్కరించి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఆ అమ్మాయి తరగతి గది బయట నా కోసం నిలబడి ఉన్నది. "సార్! ప్యాంటు వేసుకొని పరుగెత్తనిస్తారేమో ఒక్కసారి కనుక్కుంటారా?" అని అడిగింది. కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు. ఆ అమ్మాయి మళ్లీ అడగలేదు. ఆ తరువాత పరుగెత్తనూ లేదు.

చాలా ఏళ్ల తరువాత అథ్లెటిక్స్ నియమావళిని చదివే అవకాశం నాకు కలిగింది. దుస్తులు శుభ్రంగా ఉండాలనీ, అభ్యంతరకరంగా ఉండకూడదనీ, తడిసినా ఒళ్లు కనిపించే పలుచని బట్ట కారాదనీ, న్యాయనిర్ణేతల చూపుకు అడ్డు రాకూడదనీ మాత్రమే అందులో ఉన్నది. నిక్కరే తొడగాలని ఎక్కడా లేదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు సమాధానం ఆ పుస్తకంలో అప్పుడే ఉన్నది. ఒక్కమాట అడిగి ఉంటే ఆమె తండ్రి మర్యాదకూ భంగం కలిగేది కాదు, ఆమె పరుగూ ఆగేది కాదు. నిక్కరు తప్పనిసరి అన్నవారు ఒక వైపు, నిక్కరు తప్పు అన్న మేము మరొక వైపు నిలబడి, మధ్యలో ఉన్న ఆ పిల్లకు దారి లేకుండా చేశాం. సభాపర్వాన్ని ఎన్నోసార్లు పాఠంగా చెప్పిన నేను, మౌనంగా ఉండిపోయిన పెద్దలలో ఒకడినయ్యాను.

ఇక నాల్గవది స్వేచ్ఛకు సంబంధించిన వాదం. క్రీడాకారిణి ఇష్టపడి ధరిస్తే ఇతరులకు అభ్యంతరమెందుకన్నది దీని సారాంశం. నేను ఈ వాదాన్ని అంగీకరిస్తున్నాను. అయితే ఆ ఇష్టం నిజమైన ఇష్టమేనా అని కూడా చూడాలి. ఎంపిక అనే మాట అర్థవంతం కావాలంటే మూడు షరతులు నెరవేరాలి. మొదటిది, చిన్నవి పెద్దవి అన్ని రకాల దుస్తులూ సమానమైన నాణ్యతతో, సరైన కొలతలతో అందుబాటులో ఉండాలి. కాగితం మీద ఇరవై రకాలు చూపి, ప్రదర్శనలో ఒక్క రకాన్నే నిలబెడితే, ఏది ధరించడం 'గొప్ప'గా భావిస్తారో చిన్నపిల్లలు కూడా గ్రహిస్తారు. రెండవది, ఏది ఎంచుకున్నా జట్టులో స్థానానికి గాని, ఒప్పందాలకు గాని, బహుమతులకు గాని నష్టం కలగకూడదు. మూడవది, ఎంచుకున్నవారిని ఇటు సంప్రదాయవాదులు గాని, అటు ఆధునికులు గాని అవహేళన చేయకూడదు. నిండుగా ధరించినవారిని 'వెనుకబడినవారు' అనడం, పొట్టిగా ధరించినవారిని 'సిగ్గులేనివారు' అనడం రెండూ ఒకే దురలవాటుకు రెండు ముఖాలు.

ఈ షరతులలో మరొక మాట కూడా చేరాలి. దుస్తుల నియమాలు వ్రాసేటప్పుడు స్త్రీల శరీరధర్మాలను గురించి మాట్లాడటానికి సంకోచించకూడదు. ఋతుకాలంలో తెల్లని దుస్తులు, అతి చిన్న దుస్తులు ఎంత ఆందోళన కలిగిస్తాయో క్రీడాకారిణులు బహిరంగంగా చెప్పడం మొదలుపెట్టిన తరువాతనే పరిస్థితిలో మార్పు వచ్చింది. ఆపాదమస్తకం తెలుపే ధరించాలన్న నియమానికి పేరుపొందిన వింబుల్డన్ సైతం 2023 నుండి స్త్రీలు లోపల ముదురురంగు నిక్కరు ధరించడానికి అనుమతించింది. ఇది చిన్న సవరణలాగే కనిపించవచ్చు. కాని దాని కోసం ఎందరో క్రీడాకారిణులు ఎన్నో ఏళ్లు భయాన్ని లోలోపల దాచుకొని ఆడవలసి వచ్చింది.

గొంతు విప్పితే నియమాలు మారుతాయనడానికి మరికొన్ని నిదర్శనాలు ఉన్నాయి. 2012లో అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య, లండన్ ఒలింపిక్స్‌కు ముందు, బీచ్ వాలీబాల్ ఆడే స్త్రీలు నిక్కర్లు, చేతుల చొక్కాలు ధరించడానికి అనుమతి ఇచ్చింది. ఆ వెసులుబాటు కారణంగానే తరువాతి ఒలింపిక్స్‌లో ఈజిప్టు క్రీడాకారిణులు తమకు నచ్చినట్లుగా నిండైన దుస్తులతో ఆడగలిగారు. వారి ఎదుటి జట్టు తనకు నచ్చినట్లుగా బికినీలతో ఆడింది. బంతి ఇద్దరికీ ఒకటే, వల ఇద్దరికీ ఒకటే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ జిమ్నాస్టులు చీలమండల దాకా కప్పే దుస్తులు ధరించి పోటీ చేశారు. నిండైన దుస్తులే గొప్పవని వారు చెప్పలేదు. ఎవరికి ఏది సౌకర్యమో వారే నిర్ణయించుకోవాలని చెప్పారు. నార్వే జట్టు కట్టవలసి వచ్చిన జరిమానా కూడా వృథా పోలేదు. అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య అదే సంవత్సరం తన నియమాన్ని సవరించి, బికినీకి బదులు పొట్టి నిక్కర్లను నిర్దేశించింది. అయినా స్త్రీల నిక్కర్లు ఒంటికి అంటిపెట్టుకొని ఉండాలన్న మాటను మాత్రం వదులుకోలేదు. ప్రయాణం ఇంకా మిగిలే ఉన్నదని దీనిని బట్టి అర్థమవుతున్నది.

విద్యార్థులారా! ఈ చర్చ దూరదేశాలకు మాత్రమే సంబంధించినదని భావించకండి. విశాఖపట్నంలో సామాన్య కుటుంబంలో పుట్టిన జ్యోతి యర్రాజి 2023లో ఆసియా హర్డిల్స్ విజేతగా నిలిచి, పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో పాల్గొన్న తొలి భారతీయ మహిళ అయింది. వరంగల్లు ప్రాంతంలోని కల్లెడ గ్రామం నుండి వచ్చిన జీవన్‌జీ దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం సాధించింది. ఇటువంటివారు మన పల్లెలలో, మన కళాశాలలలో ఇంకా ఎందరు ఉన్నారో మనకు తెలియదు. వారిలో ఎందరు ఒక గజం గుడ్డ గురించిన వాదంలో చిక్కుకొని, పరుగు మొదలుపెట్టకముందే ఆగిపోతున్నారో అసలే తెలియదు. పతకం తెచ్చినవారి పేర్లు పత్రికలలో వస్తాయి. ఆగిపోయినవారి పేర్లు ఎక్కడా రావు.

ఈ విషయంలో విద్యార్థినులకు నేను చెప్పదలచినది ఒక్కటే. ఎవరు ఏ నియమం చెప్పినా అది ఎక్కడ వ్రాసి ఉన్నదో అడగండి. మీకు ఏది సౌకర్యమో నోరు తెరిచి చెప్పండి. విద్యార్థులకు చెప్పదలచినది మరొకటి ఉన్నది. మీ తోటి విద్యార్థిని మైదానంలో పరుగెత్తుతూ ఉంటే గడియారాన్ని చూడండి, ఆమె పరుగును చూడండి. వీలైతే చప్పట్లు కొట్టండి. ఆమె ఏమి ధరించిందన్న చర్చ మీ మధ్య మొదలైతే దానిని అక్కడే ఆపండి. నా వంటి పెద్దలకు కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. తండ్రి వచ్చి అడిగినప్పుడు, అధికారి వచ్చి అడిగినప్పుడు, తీర్పు చెప్పడానికి ముందు పరుగెత్తే పిల్లను పిలిచి అడగాలి.

ఇప్పుడు ప్రతి సంవత్సరం క్రీడోత్సవాలకు వారం ముందే నేను మా ఫిజికల్ డైరెక్టరు గారి గదికి వెళుతున్నాను. తెలుగు అధ్యాపకునికి మైదానంతో పనేమిటని ఆయన మొదట్లో ఆశ్చర్యపోయేవారు. ఇప్పుడు అలవాటు పడ్డారు. నేను అడిగేది ఒకే ఒక ప్రశ్న: "ఏమి తొడుక్కొని పరుగెత్తుతారో ఆడపిల్లలను అడిగారా?" కొందరు నిక్కరు అంటారట, కొందరు ప్యాంటు అంటారట. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి ఆయన ఈల ఊదుతారు. ఆనాడు నా కోసం తరగతి గది బయట నిలబడిన అమ్మాయికి నేను ఇవ్వవలసిన సమాధానం ఇదే. పాతికేళ్లు ఆలస్యమైంది.